అప్పు, పని, ఆరోగ్యము: 'పూర్ ఎకనామిక్స్' గ్రంథముపై ఒక విమర్శ

అప్పు తెచ్చుకొనుట, పనికి పోవుట, జబ్బు చేసినప్పుడు మందు తినుట — ఈ మూడును ప్రతి ఇంటను జరుగుచుండు వ్యవహారములు. ఇవి ఎంత సామాన్యములో అంత చిక్కైనవి. హెచ్చు వడ్డీకి అప్పు తెచ్చినవాడు తెలివితక్కువవాడా, లేక వేరు దారి లేనివాడా? బిడ్డకు ఉచితముగా వేయు టీకా వేయించక, జ్వరము వచ్చిన పిమ్మట సూదిమందుకు డబ్బు పెట్టు తల్లి అజ్ఞానమువలన అట్లు చేయుచున్నదా, లేక దానికి వేరొక కారణము కలదా? ఉన్న చిన్న దుకాణమును పెంచుకొనక, కొడుకునకు సర్కారు కొలువు రావలెనని కోరు తండ్రికి చొరవ లేదా, ముందుచూపు ఉన్నదా? ఇట్టి ప్రశ్నలకు నీతులు చెప్పుట సులభము. కొలిచి చూచి సమాధానము చెప్పుట కష్టము.

అట్లు కొలిచి చెప్పుటకు పూనుకొన్న గ్రంథములలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో అను ఆర్థిక శాస్త్రవేత్తలు ఆంగ్లమున వ్రాసి 2011లో ప్రకటించిన 'పూర్ ఎకనామిక్స్' ముఖ్యమైనది. ఆ పేరును 'పేదల అర్థశాస్త్రము' అని తెలుగు చేయవచ్చును. గ్రంథకర్తలు 2003లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో పేదరిక సమస్యలపై ప్రయోగములు జరుపుటకు ఒక పరిశోధనాలయమును నెలకొల్పినవారిలో ఉన్నారు. వీరిరువురికిని, మైకేల్ క్రెమర్‌కును కలిపి 2019లో అర్థశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది. గ్రంథములోని పది ప్రకరణములు ఆహారము, ఆరోగ్యము, చదువు, సంతానము, నష్టభయము, అప్పు, పొదుపు, వ్యాపారము మొదలగు విషయములను ఒకదాని తరువాత ఒకటిగా పరిశీలించును. హైదరాబాదు బస్తీలు, చెన్నై పండ్ల బండ్లు, రాజస్థాన్‌లోని ఉదయపూర్ పల్లెలు ఇందు కనిపించును. కనుక ఇది తెలుగు పాఠకునకు దూరపు విషయము కాదు.

గ్రంథము చదువుటకు ఇంపుగా ఉన్నది. పేదవానిని జాలితోగాని ఎగతాళితోగాని చూడక, తన పరిస్థితులలో ఆలోచించి నిర్ణయించుకొను మనిషిగా చూచుట దీని మొదటి గుణము. అయినను ఇందు ఒక పెద్ద కొరత ఉన్నది. ఒక్కొక్క నిర్ణయమును విడదీసి చక్కగా కొలిచిన గ్రంథకర్తలు, విడదీసిన వాటిని తిరిగి ఒకే ఇంటి లెక్కలో కలిపి చూపలేదు. కూలివాని ఇంట అప్పు, పని, ఆరోగ్యము వేరువేరు ప్రకరణములు కావు. మూడింటికిని డబ్బుసంచి ఒక్కటే. ఈ కొరత ఎచ్చట నుండి వచ్చినది, దానివలన ఏమి తప్పిపోయినది అని పరిశీలించుటకు ముందు వారి పద్ధతిని తెలిసికొనవలెను.

చీట్లు తీసి కొలుచు పద్ధతి

ఈ పద్ధతి వ్యవసాయ పరిశోధననుండి పుట్టినది. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ కేంద్రములో 1920 తరువాతి సంవత్సరములలో ఆర్. ఎ. ఫిషర్ అను గణాంక శాస్త్రవేత్త, ఒక ఎరువు పనిచేసినదా లేదా అని తేల్చుటకు ఉపాయము చూపెను. ఎరువు వేసిన మడిలో పంట బాగుగా పండినంత మాత్రమున అది ఎరువు వలననే అనరాదు. ఆ మడి నేలయే మంచిది కావచ్చును. పొలమును చిన్న మడులుగా విభజించి, ఏ మడికి ఎరువు వేయవలెనో చీట్లు తీసి నిర్ణయించినచో, నేలసారము, నీటి వసతి వంటి భేదములు రెండు తెగల మడులలోను ఇంచుమించు సమముగా పడును. అప్పుడు పంటలో కనిపించు తేడా ఎరువువలన వచ్చినదని చెప్పవచ్చును. క్షయరోగమునకు స్ట్రెప్టోమైసిన్ ఎట్లు పనిచేయునో బ్రిటన్‌లో పరీక్షించి 1948లో ఫలితములు ప్రకటించినప్పుడు అనుసరించినది ఈ పద్ధతినే.

బెనర్జీ, డఫ్లోలు ఈ పద్ధతిని పల్లెలకు, బస్తీలకు తెచ్చిరి. మడికి బదులు గ్రామము. ఎరువుకు బదులు టీకా శిబిరమో, అప్పు ఇచ్చు శాఖయో. వ్యాపారము చేయవలెనను పట్టుదల గలవారే అప్పు తెచ్చుకొందురు. కావున అప్పు తెచ్చినవారిని తేనివారితో ఊరక పోల్చి, అప్పువలన మేలు కలిగినదనుట తగదు. చీట్లు తీసినచో ఈ చిక్కు తొలగును. ఇది నిజముగా గొప్ప మేలు.

కాని ఈ పద్ధతికి ఒక షరతు కలదు. ఒక మడిలోని ఎరువు నీటితో పారి ప్రక్క మడిలోనికి పోరాదు. పోయినచో రెండు మడులకును తేడా తగ్గి, ఎరువు పనిచేయలేదని తప్పుగా తోచును. మరియు కొలత ఒక పంటకాలమునకే పరిమితము. ఏండ్ల తరబడి నేలకేమగునో దానివలన తెలియదు. పొలములో గట్టు వేసి నీటిని ఆపవచ్చును. ఒక ఇంటిలో అప్పునకును ఆరోగ్యమునకును నడుమ అట్టి గట్టు లేదు.

అప్పు

చెన్నైలో బండ్లపై పండ్లు అమ్ముకొనువారి ఉదాహరణ ఈ గ్రంథమున ఎల్లరకు గుర్తుండునది. వారు ఉదయము సుమారు 1,000 రూపాయలు అప్పు తెచ్చి, సరకు అమ్ముకొని, సాయంకాలము వడ్డీతో తీర్చుదురు. వడ్డీ సగటున దినమునకు నూటికి 4.69 రూపాయలు. తెలుగునాట వడ్డీని నెలకు నూటికి ఇన్ని రూపాయలని చెప్పుకొందురు. మూడు రూపాయల వడ్డీ అన్ననే గుండె జల్లుమనును. ఇచ్చట నెలకు లెక్కించినచో, వడ్డీపై వడ్డీ కలుపకయే, నూటికి 140 రూపాయలగుచున్నది.

గ్రంథకర్తలు చూపు లెక్క ఇది: ఆ అమ్మకపు మనిషి మూడు దినములు మాత్రము టీ తగ్గించి, దినమునకు ఐదు రూపాయలు మిగిల్చినదనుకొనిన, ఆ మేరకు మరునాడు తక్కువ అప్పు తేవచ్చును. మిగిలిన వడ్డీని కూడ ఖర్చు పెట్టక సరకునకే వాడుచు పోయిన, సుమారు 90 దినములలో ఆమెకు అప్పుతో పని ఉండదు. ఇది వింతగా తోచును గాని గణితము సరియైనది. దినమునకు నూటికి 4.69 చొప్పున పెరుగు సొమ్ము సుమారు 15 దినములలో రెట్టింపగును. 90 దినములలో ఆరు మారులు రెట్టింపగును. 15 రూపాయలు 30, 60, 120, 240, 480, తుదకు 960. అనగా వేయి రూపాయలకు చేరువ.

ఇంత తేలికైన దారి ఉండగా ఆమె ఏల నడువదు? మనస్సును నిగ్రహించుకొనుట కష్టమనియు, దూరపు మేలుపై ఆశ లేనివారు నేటి చిన్న సుఖమును వదలుకొనరనియు గ్రంథకర్తల సమాధానము. ఇందు సత్యము కొంత ఉన్నది. కాని పై లెక్కనే మరియొక మారు చూడవలెను. అది సాగుటకు 90 దినములు వరుసగా ఏ ఆటంకమును రాకూడదు. 45వ దినమున ఆమె సొంత సొమ్ము 120 రూపాయలు మాత్రమే. ఆ దినమున బిడ్డకు జ్వరము వచ్చి వైద్యునికిని మందులకును అంతయు ఖర్చయిన, సగము దారి నడిచిన మనిషి తిరిగి మొదటికి వచ్చును. ఒక వానదినమున పండ్లు అమ్ముడుపోక కుళ్లినను ఇదే గతి. రెట్టింపుల లెక్కలో మేలంతయు చివరి దినములలోనే ఉన్నది. ఆటంకము మాత్రము ఏ దినముననైనను రావచ్చును. ఈ సంగతి గ్రంథకర్తలకు తెలియదని కాదు. పేదలు భరించు నష్టభయమును గూర్చి వారు ఆరవ ప్రకరణమున చక్కగా వ్రాసిరి. జబ్బుల సంగతి మూడవ ప్రకరణమున ఉన్నది. పండ్ల బండి పొదుపు ప్రకరణమున ఉన్నది. ఆ మూడింటిని జోడించు పని పాఠకునకు మిగిలినది.

ఈ ఉదాహరణకు తరువాతి కాలమున ఒక పరీక్ష జరిగినది. కార్లన్, ముల్లైనాథన్, రాథ్ అను పరిశోధకులు భారతదేశమున, ఫిలిప్పీన్స్‌లో కలిపి మూడు చోట్ల ఇట్టి చిన్న వ్యాపారుల అధికవడ్డీ అప్పులను తామే తీర్చివేసిరి. 2019లో ప్రకటించిన ఫలితములనుబట్టి, అందు పెక్కుమంది ఆరు వారములలోనే మరల అప్పులలో పడిరి. ఒకటి రెండేండ్ల తరువాత చూడగా, అప్పు తీర్చబడినవారికిని తీర్చబడనివారికిని తేడా లేదు. అప్పును తుడిచివేసినంత మాత్రమున అప్పు చేయవలసిన అవసరము తుడిచిపెట్టుకొని పోదని దీని భావము.

హైదరాబాదు పరిశోధన ఇంతకంటె పెద్దది. ఒక సూక్ష్మ ఋణ సంస్థ శాఖలు తెరచుటకు అనువైన 104 బస్తీలను ఎన్నుకొని, చీట్లు తీసి, వానిలో 52 బస్తీలలో మాత్రము 2006-07లో అప్పులిచ్చుట ప్రారంభించిరి. మొదటి అప్పు 10,000 రూపాయలు; 50 వారపు కిస్తీలలో తీర్చవలెను; వడ్డీ ఏడాదికి నూటికి 12 అని చెప్పబడెను. ఇచ్చట ఒక సూక్ష్మము గ్రహింపదగినది. ఆ వడ్డీ మొత్తము అసలుపై కట్టబడినది. కాని అసలు వారవారము తగ్గుచుండును గదా! మొదట 10,000, చివర సున్న. సగటున అప్పుదారుని చేతిలో ఉన్నది సుమారు సగమే. సగము సొమ్మునకు అదే వడ్డీ కట్టినచో నిజమైన రేటు ఇంచుమించు రెట్టింపు, అనగా నూటికి 24. కిస్తీలపై వస్తువు కొను ఏ గృహస్థునకైనను ఈ లెక్క ఉపయోగించును.

పదునైదు మొదలు పదునెనిమిది నెలల పిమ్మట లెక్క తీయగా, శాఖలున్న బస్తీలలో నూటికి 27 కుటుంబములు ఇట్టి సంస్థలవద్ద అప్పు తీసికొని యుండెను. శాఖలు లేనిచోట 18. శాఖలున్నచోట వ్యాపారములలో పెట్టుబడి కొంత పెరిగినది. ఇంటికి పనికివచ్చు మన్నికైన వస్తువులు కొనుట పెరిగి, చిరుతిండ్లు, పొగాకు, పండుగల ఖర్చు తగ్గినది. కాని ఆరోగ్యమునందుగాని, పిల్లల చదువునందుగాని, ఇంటిలో స్త్రీల మాట చెల్లుబడియందుగాని చెప్పుకోదగిన మార్పు కానరాలేదు. సూక్ష్మ ఋణము పేదరికమును పారద్రోలునను ప్రచారమునకును, అది పేదలను ముంచునను నిందకును ఈ ఫలితములు ఏకకాలమున బదులు చెప్పెను. ప్రచారముల నడుమ కొలతబద్దను నిలిపినందుకు గ్రంథకర్తలను మెచ్చుకొనవలెను. అయితే కొలిచినది ఏమిటి? నూటికి 18 ఇండ్లలో ముందే అట్టి అప్పు ఉన్నచోట, మరి తొమ్మిది ఇండ్లకు అప్పు దొరకుటవలన కలిగిన తేడా మాత్రమే. అప్పు ఉన్న లోకమునకును లేని లోకమునకును గల తేడా అది కాదు.

ఆరోగ్యము

ఉదయపూర్ జిల్లాలో సేవా మందిర్ అను స్వచ్ఛంద సంస్థతో కలిసి జరిపిన టీకాల ప్రయోగము ఈ గ్రంథమున మిక్కిలి ప్రసిద్ధికెక్కినది. 134 గ్రామములను చీట్లు తీసి మూడు తెగలుగా చేసిరి. 30 గ్రామములలో ప్రతినెల తప్పక శిబిరము జరిపిరి. మరి 30 గ్రామములలో శిబిరముతోపాటు టీకా వేయించిన ప్రతిమారు ఒక కిలో పప్పు, అన్ని టీకాలును పూర్తియైన పిమ్మట భోజనపు పళ్లెములు ఇచ్చిరి. 74 గ్రామములను యథాతథముగా విడిచిరి. ఒకటి మొదలు మూడేండ్ల వయస్సు పిల్లలలో అన్ని టీకాలు పూర్తియైనవారు యథాతథముగా విడిచిన గ్రామములలో నూటికి 6. శిబిరము మాత్రమున్నచోట 18. పప్పు కూడ ఇచ్చినచోట 39. పప్పు ఇచ్చుటవలన ఖర్చు పెరుగక తగ్గినది: టీకాలు పూర్తియైన ఒక్కొక్క బిడ్డకు శిబిరము మాత్రమున్నచోట 56 డాలర్లు కాగా, పప్పు ఇచ్చినచోట 28 డాలర్లే. సిబ్బందికి దినభత్యము ఎట్లును ఈయవలసినదే. వచ్చిన పిల్లలు హెచ్చినకొలది తలకు ఖర్చు తగ్గును.

కొలత ఇంతవరకు నిర్దుష్టము. దానికి చెప్పిన అర్థమే చర్చింపదగినది. తల్లులకు టీకాపై ద్వేషము లేదు, రేపు వేయింతమని వాయిదా వేయుచున్నారు. పప్పు నేడే రప్పించుచున్నది — ఇది గ్రంథకర్తల వ్యాఖ్య. కాని ఆ పప్పును మరియొక విధముగను చూడవచ్చును. కూలికి పోవు తల్లి శిబిరమున గడపిన పూటకు కూలి ఉండదు. కొన్ని టీకాలు వేసిన పిమ్మట బిడ్డకు ఒకటి రెండు దినములు జ్వరము రావచ్చును. అప్పుడు మరునాడును ఇల్లు కదలరాదు. ఉచితమని పేరు పడిన టీకాకు ఆమె చెల్లించు వెల అది. పప్పు ఆ వెలలో కొంత తిరిగి ఇచ్చినది. వాయిదా వేయు మనస్సునకు అది ఎరయా, పోయిన కూలికి పరిహారమా? ఈ ప్రయోగము రెండింటిని వేరుచేయలేదు. భేదము మాటలలోనిది మాత్రము కాదు. ఎర యని నమ్మిన అధికారి తల్లుల మనస్సులను మార్చుటకు చూచును. పరిహారమని నమ్మినవాడు సాయంకాలపు వేళ శిబిరము నడుపుటకు చూచును.

మరియొక సంగతి. పప్పు లేకయే, శిబిరము క్రమముగా జరిగినంత మాత్రమున 6 నుండి 18కి, అనగా మూడింతలు పెరిగినది. కావున మొదటి లోపము తల్లులది కాదు, నర్సు రాని ఆరోగ్య కేంద్రముది. ఆ జిల్లాలోనే నర్సుల హాజరును యంత్రముతో నమోదుచేయు ప్రయోగమును గ్రంథకర్తలే జరిపిరి. మొదటి నెలలలో అది బాగుగా పనిచేసినది. క్రమముగా అధికారులు నర్సులకు మినహాయింపులు హెచ్చుగా ఈయగా, 16 నెలలు తిరుగునప్పటికి ప్రయోగమున్న కేంద్రములకును లేని కేంద్రములకును తేడా లేకపోయెను. ఈ వైఫల్యమును దాచక చెప్పినందుకు వారిని అభినందింపవలెను. కాని తల్లిని మార్చుట గ్రంథములో ముందును, కార్యాలయమును మార్చుట చివరి ప్రకరణమునను ఉండుటవలన, పాఠకుని మనస్సున మొదటిదే నిలుచును.

గ్రంథములోని ఉత్తమమైన ఆలోచన కూడ ఈ ప్రకరణముననే ఉన్నది. సంపన్నుని ఇంటికి కొళాయి నీరు శుభ్రపడియే వచ్చును. జీతములోనుండి పొదుపు తానే కోయబడును. అతడు నిర్ణయింపవలసినది స్వల్పము. పేదవాడు నీటిలో క్లోరిన్ కలుపుట మొదలు ముసలితనమునకు దాచుకొనుట వరకు ప్రతిదానిని దినదినము తానే నిర్ణయింపవలెను. ఇన్ని నిర్ణయములలో కొన్ని తప్పుట ఆశ్చర్యము కాదు. ఈ ఒక్క ఆలోచనకైనను గ్రంథము చదువదగినది.

పని

పేదలందరును పుట్టు వ్యాపారులనియు, చేతికి పెట్టుబడి ఇచ్చిన చాలుననియు సూక్ష్మ ఋణ సంస్థలవారు చెప్పు మాటను తొమ్మిదవ ప్రకరణము ఖండించును. ఒకే వీధిలో ఒకే సరకు అమ్ము చిన్న అంగళ్లు అనేకముండుట ఉత్సాహమువలన కాదు. వేరు పని దొరకకపోవుటవలన. తల్లిదండ్రులు పిల్లలకు ప్రభుత్వోద్యోగము కోరుట నెలనెల తప్పక వచ్చు జీతముకొరకు. నిలకడ గల జీతమున్నవానికి రేపటిని గూర్చి ఆలోచించు తీరిక ఉండును. ఈ పరిశీలన తెలుగు ఇండ్లకు అక్షరాల వర్తించును.

కాని ఈ రంగమున లెక్క ఎట్లు తప్పునో చూపు కథ ఒకటి శ్రీలంకలో జరిగినది. 2005లో అచ్చటి చిన్న వ్యాపారులకు చీట్లు తీసి 10,000 లేక 20,000 రూపాయల సొమ్మును ఉచితముగా ఇచ్చిరి. మొత్తముమీద ఆ పెట్టుబడిపై లాభము నెలకు నూటికి సుమారు ఐదు రూపాయలని తేలినది. స్త్రీలను, పురుషులను వేరుచేసి చూడగా, స్త్రీల వ్యాపారములలో లాభము సగటున ఏమియు పెరుగలేదని 2009లో ప్రకటింపబడెను. స్త్రీలకు పెట్టుబడి ఇచ్చుట వ్యర్థమని కొందరు అనుకొనుటకు ఇది చాలును. పదేండ్ల తరువాత, 2019లో, వేరొక పరిశోధక బృందము శ్రీలంక, భారత, ఘనా దేశముల ప్రయోగముల లెక్కలను తిరిగి పరిశీలించినది. స్త్రీకి ఇచ్చిన సొమ్ము పెక్కుచోట్ల భర్త వ్యాపారములోనికి పోయినదనియు, ఇంటిని ఒక్కటిగా తీసికొన్న స్త్రీకిచ్చిన సొమ్ముపై లాభము తక్కువ కాదనియు వారు చూపిరి. ఎరువు ప్రక్క మడిలోనికి పారినది. కొలిచినవారు మొదటి మడినే చూచిరి.

మూడు లెక్కలు, ఒకే సంచి

ఇట్టిదే ఇంకను పెద్ద ఎత్తున నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగినది. ఒకే ఇంటికి పలు సంస్థలు అప్పులిచ్చుటయు, వసూళ్లలో ఒత్తిడియు, అప్పులవారి ఆత్మహత్యల వార్తలును పెరుగగా, 2010 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వము ఆర్డినెన్సు జారీచేసినది. దానితో రాష్ట్రమున సూక్ష్మ ఋణ వ్యాపారము స్తంభించినది. ఇచ్చట సొమ్ము చిక్కుకొన్న సంస్థలు ఇతర రాష్ట్రములలో కూడ అప్పులు తగ్గించవలసి వచ్చినది. బ్రెజా, కినాన్ అను పరిశోధకులు 2021లో ప్రకటించిన పరిశోధనలో ఆ జిల్లాల లెక్కలు తీసిరి. అప్పులు హెచ్చుగా తగ్గిన జిల్లాలలో దినకూలి రేట్లు, కుటుంబముల కూలి ఆదాయము, ఇంటి ఖర్చు తగ్గినవని తేలినది. అనగా అప్పు తీసికొనని కూలివానికిని దెబ్బ తగిలినది. చేతిలో డబ్బు తగ్గిన ఇల్లు తక్కువ కొనును. తక్కువ అమ్ముడుపోయిన అంగడి తక్కువ మందిని పనికి పిలుచును. బస్తీని బస్తీతో పోల్చిన హైదరాబాదు ప్రయోగమునకు ఈ ప్రవాహము అందదు. ఒక బస్తీవారు కూలికి మరియొక బస్తీకి పోవుదురు గదా!

దీనివలన ఆర్డినెన్సు తప్పనియో, సంస్థలు నిర్దోషులనియో తేలదు. వారపు కిస్తీ జ్వరమును ఎరుగదు; ఒకరు కట్టనిచో గుంపులోని ఇరుగుపొరుగువారు కట్టవలెను. ఆ బాధ నిజమైనది. అప్పు హఠాత్తుగా ఆగినప్పుడు పని తగ్గిన బాధయు నిజమైనదే. ఒకదానిని మాత్రము కొలిచి చట్టము చేసినను, చట్టమును విమర్శించినను సగము లెక్కయే యగును.

అప్పును ఆరోగ్యముతో జోడించు ప్రయత్నము ఒకటి గ్రంథములోనే ఉన్నది. హైదరాబాదు కేంద్రముగా నడచిన ఒక ఋణ సంస్థ, అప్పు తిరిగి తీసికొనువారు ఆరోగ్య బీమా తప్పక కొనవలెనని నియమము పెట్టెను. జబ్బే అప్పునకు మూలమైనప్పుడు ఇది తెలివైన ఏర్పాటుగా తోచును. ఫలితము విపరీతమైనది. బీమా కొనుటకంటె అప్పునే వదలుకొనుట మేలని పలువురు తలచిరి; 2014లో ప్రకటించిన లెక్కనుబట్టి, తిరిగి అప్పు తీసికొనువారు నూటికి 16 మంది చొప్పున తగ్గిరి. బీమా ఆసుపత్రిలో చేరిన ఖర్చునకు సంబంధించినది. ఇంటివద్ద జ్వరముతో పడుకొన్నవానికి అది అక్కరకు రాదు. ప్రజలకు బీమా విలువ తెలియదనుటకు ముందు, వారికి తరచుగా వచ్చు నష్టము దేనివలన అని అడుగవలసి యుండెను.

ఆ ప్రశ్నను అడిగినవారు లేకపోలేదు. అనిరుధ్ కృష్ణ ఆంధ్రప్రదేశ్‌లోని 36 గ్రామములలో, ఏ కుటుంబములు సుమారు 25 ఏండ్లలో పేదరికమునుండి బయటపడినవి, ఏవి క్రొత్తగా పేదరికమున పడినవి అని ఊరివారినే అడిగి వ్రాసికొనెను. పడిపోయిన కుటుంబముల కథలలో జబ్బు, మందుల ఖర్చు, హెచ్చు వడ్డీ అప్పు, పెండ్లి ఖర్చు ఒకదానివెంట ఒకటి వచ్చును. 2010లో ప్రకటించిన ఆయన గ్రంథము పేరే, ఒక్క జబ్బు దూరములో పేదరికమున్నదను భావము నిచ్చుచున్నది. ఇందు చీట్లు తీయుట లేదు, జ్ఞాపకము పొరబడవచ్చును. కాని వరుసక్రమము కనిపించును. బెనర్జీ, డఫ్లోల గ్రంథములో కొలత ఉన్నది, వరుస లేదు.

తెలుగునాట ప్రభుత్వ పథకములలో ఈ రెండును దగ్గరకు వచ్చిన సందర్భము ఒకటి కలదు. 2007లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పెద్ద జబ్బుల ఆసుపత్రి ఖర్చును ఉద్దేశించినది. చికిత్స ఉచితమైనను, కోలుకొను కాలమున కూలి పోవును. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభించిన ఆరోగ్య ఆసరా, శస్త్రచికిత్సయైన రోగికి విశ్రాంతి దినములకు దినమునకు 225 రూపాయలు, నెలకు 5,000 మించకుండ, ఈయవలెనని ఏర్పరచినది. దాని ఫలితముల మాట అటుంచి, ఆరోగ్యపు లెక్కలో పోయిన పనిని చేర్చుట సరియైన లెక్క.

గ్రంథపు విలువ

2015లో నోబెల్ బహుమానము పొందిన ఆంగస్ డీటన్ వంటివారు ఈ ప్రయోగ పద్ధతిని వేరొక కారణమున విమర్శించిరి. ఒకచోట వచ్చిన ఫలితము మరియొకచోట వచ్చునని చెప్పుటకు, అది ఏల వచ్చినదో తెలియవలెనని వారి వాదము. అది సమంజసమే. కాని పై ఉదాహరణములు చూపునది, ఫలితము వచ్చిన చోటనే, వచ్చిన ఇంటనే, లెక్క అసంపూర్ణము కావచ్చునని. ఆ అసంపూర్ణతను బయటపెట్టినవారు సైతము కొలతనే ఆశ్రయించిరి, నీతివాక్యములను కాదు. కావున దోషము కొలుచుటలో లేదు, కొలతకు తీసికొన్న మడి మరీ చిన్నదగుటలో ఉన్నది. ఒక పథకమును అప్పు ఖాతాలో పరీక్షించినప్పుడు పని, ఆరోగ్యము అను ఖాతాలలో కూడ ఏమి జరిగినదో, రెండు మూడేండ్ల పిమ్మట ఏమైనదో చూడవలెను.

'పూర్ ఎకనామిక్స్' ఈ విషయమున ఎల్లరును చదువదగిన గ్రంథము. పేదరికమును గూర్చి ఊహతో మాటలాడుట ఇకమీద సిగ్గుపడదగిన పని అనిపించును. అయితే పాఠకుడు దానిని ప్రకరణముల వరుసలో చదివి ముగింపక, ఒకే కుటుంబమును మనస్సున ఉంచుకొని మూడవ, ఆరవ, ఏడవ, ఎనిమిదవ, తొమ్మిదవ ప్రకరణములను కలిపి చదువవలెను. తన ఇంటి లెక్కకు కూడ ఇదే రీతి పనికివచ్చును. కిస్తీ అప్పు తీసికొనునప్పుడు తగ్గుచుండు అసలుపై వడ్డీ ఎంత పడునో చూచుకొనవలెను. జబ్బు ఖర్చులో పోయిన కూలిని చేర్చవలెను. నాలుగు దినములు పని లేకున్నను కిస్తీ కట్టగలమా అని అప్పు చేయుటకు ముందే ప్రశ్నించుకొనవలెను. ఆ ప్రశ్నకు కాదని సమాధానము వచ్చు ఇండ్లు ఎన్నియో లెక్కించుట పరిశోధకుల పని. వానికి దారి చూపుట ప్రభుత్వముల పని.